సీటు కింది చీటీ

ఆ స్టూలు నాకొద్దు. నిలబడే మాట్లాడుత. ముందు నువ్వు ఆ స్పానర్లు డబ్బాల వేసుడు ఆపు, జోగారావు. ఒక మనిషి ఎదురుంగ నిలబడి తిడుతుంటె సామాను సర్దుకుంటరా ఎవరన్న? మీ గోదావరి దిక్కు ఇదేనా మర్యాద?

గారు సుత వద్దు. పదకొండేండ్ల సంది మార్కండేయులు గారు, మార్కండేయులు గారు అని ఆ మాట అడ్డం పెట్టుకొనే తప్పించుకుంటున్నవ్.

ఏం మెకానిక్‌వయ్యా నువ్వు? బోర్డు మీద ఇంతింత అక్షరాలతోని 'ఇచ్చట ఏబీఎస్ బ్రేకులు చూడబడును' అని రాయించినవ్. ఈ పంజాగుట్ట గల్లీల ఇంకెవ్వరికి లేదు అసొంటి బోర్డు. అది చూసే కద నా మనుమరాలు బండి కొన్న నాటి నుంచి నీ తానికే తెచ్చింది. నాలుగేండ్లు. ఆ బండే ముందటి చక్రం బిగుసుకపోయి, పిల్లను తీసుకపోయి ఫ్లైఓవర్ కింద పడేసింది. ఏం జవాబు చెప్తవ్?

చెప్పవు. పన్నెండు రోజులైంది, ఒక్క ముక్క చెప్పలే.

మా శ్యాంసుందర్ వచ్చి నలుగురి ముందట నీ అంగీ పట్టుకున్నడు. నా కొడుకు అట్ల ఎవ్వరి అంగీ పట్టుకున్నోడు కాదు, గుమాస్తా మనిషి. అప్పుడు సుత నువ్వు నోరు తెరవలే. షట్టర్ ఓనర్ బుచ్చయ్య వచ్చి ఆదివారం లోపల ఖాళీ చెయ్యమన్నడు. 'అలాగేనండి' అన్నవట. పదకొండేండ్ల దుకాణం, నీ పెండ్లాం పిల్లలు తినే అన్నం, 'అలాగేనండి'.

అవును, బుచ్చయ్యకు లెటర్ రాసింది నేనే. నేను దాస్తలేను. మూడు పేజీలు. కింద సంతకం, సంతకం కింద బీఎస్సీ అని సుత రాసిన. నా చేతిరాత చూస్తె ఎవడైనా ఆగి చదువుతడు. సనత్‌నగర్ ఫ్యాక్టరీల ముప్పై ఒక్క ఏండ్లు తనిఖీ విభాగంల చేసిన. కార్మికులకు ఏ కష్టమొచ్చినా అర్జీ నాతోనే రాయించుకునేటోళ్లు. మేనేజరు ఒకసారి అన్నడు, మార్కండేయులు, నువ్వు రాస్తె అబద్ధమైనా నిజం లెక్క ఉంటదయ్యా అని. మెచ్చుకున్నడనుకున్న అప్పుడు.

ఏం రాసిన్నంటవా? నీకు ఏబీఎస్ గురించి ఓనమాలు తెల్వయని రాసిన. ఏ నూనె దొరికితె ఆ నూనె పోస్తవని రాసిన. అమీర్‌పేట కోచింగ్ పిల్లలు వందల మంది నీ తానికే వస్తరు, రేపు ఇంకొకరు పడితె పోలీసులు బుచ్చయ్య షట్టర్ ముందటికే వస్తరని రాసిన. బుచ్చయ్య భయస్తుడు. ఆ వాక్యం ఆయన కోసమే పెట్టిన.

ఇంకొకటి సుత రాసిన. నువ్వు చేసిన పనికి లెక్కాపత్రం ఉండదని.

నువ్వు ముట్టిన ప్రతి బండికి సీటు కింద పసుపు చీటీ అంటిస్తవ్ కద. బ్రేక్ ఆయిల్ ఏ తారీకు మార్చినవ్, ఏ రకం పోసినవ్, మళ్ల ఎప్పుడు మార్చాలె, అన్నీ ఆ వంకర అక్షరాలతోని. బ్రేక్ ఆయిల్ గాలిల తేమను పీల్చుకుంటది, రెండేండ్లకోసారి మార్చకపోతె ఏబీఎస్ లోపల తుప్పు పడ్తదని వచ్చినోనికల్లా పాఠం చెప్తవ్. మరి మా బండికి ఏది ఆ చీటీ? శ్యాంసుందర్ సీటు ఎత్తి చూసిండు. జిగురు మరక తప్ప ఏం లేదు. అంటించానండి అన్నవ్ నువ్వు. ఒక్కసారే అన్నవ్. నా ముఖం దిక్కు చూసినవ్, ఇంక ఆ మాట ఎత్తలే.

నీళ్లు వద్దు. ఇగో, ఇదే నాకు మండుతుంది.

ఏబీఎస్ అంటె నాకు తెల్వదనుకుంటున్నవా? నీ కంటె ముందు బండి నడిపినోణ్ణి. డెబ్బై తొమ్మిదిల రాజ్‌దూత్ కొన్న. దానికి ఏబీఎస్ లేదు, సరిగ బ్రేకే లేదు. మాసబ్ ట్యాంక్ దిగుడుల ఒక నాడు వాన, ఎదురుంగ బర్రె. నొక్కుడు, వదులుడు, నొక్కుడు, వదులుడు. ఒక్కసారే గట్టిగ పడితె చక్రం జారుతదని మా అన్న నేర్పిండు. బర్రె తోక నా మోకాలికి తగిలింది, అంతే. ఆ బర్రె ఆసామి నాతోని రెండు గంటలు కొట్లాడిండు, బర్రె బెదిరి పాలు తప్పిందని. ఎక్కడికో పోయిన. ఏం చెప్తున్న?

ఆ. ఇప్పటి బండ్లల్ల ఆ పని బండే చేస్తది. చక్రానికి రంపం లెక్క పండ్లున్న రింగు, రింగు పక్కన గోరంత సెన్సార్. చక్రం తిరుగుతుందా బిగుసుకుంటుందా అని చూసుకుంటనే ఉంటది. బిగుసుకుంటుందంటె మన చేతుల పని లేకుండ అదే వదిలి పట్టి, వదిలి పట్టి సంభాళిస్తది. మనం చెయ్యాల్సింది రెండే. రింగు కాడ బురద లేకుండ చూసుకోవాలె. సరైన ఆయిల్ సరైన మట్టానికి ఉండాలె. మా వెన్నెల నాకు ఒక్క మాటల చెప్పింది. 'తాతా, బండి ఆగాలె, చక్రం ఆగొద్దు. గంతే.' మూడేండ్లు ఫిజిక్సు చదివినోనికి మూడు ముక్కలల్ల చెప్పింది.

దాని తెలివి అసొంటిది. ఇరవై నాలుగేండ్లు. పోలీసు కొలువుకు రాత పరీక్ష పాసైంది. పరుగు ఒక్కటే మిగిలింది. రోజు తెల్లారంగ లేచి, బండి మీద అమీర్‌పేట నుంచి మాసబ్ ట్యాంక్ దిక్కు గ్రౌండుకు పోయి ఉరికేది. మెడల స్టాప్‌వాచీ. ఇంటికి రాంగనె నాకే చూపెట్టేది, ఇయ్యాల నాలుగు సెకండ్లు తగ్గినయి తాతా అని. వాళ్ల నాయనకు చెప్పేది కాదు, నాకే.

ఆ రోజు సుత అట్లనే పోయింది. రాత్రి వాన పడ్డది. ఫ్లైఓవర్ కింద ఆటో అడ్డం వచ్చింది. బ్రేకు పట్టింది. పట్టిన బ్రేకు వదలలే.

చీలమండల రెండు స్క్రూలు. మూడు నెలలు కాలు మోపొద్దన్నడు డాక్టరు. పరుగు వచ్చే నెల.

స్టాప్‌వాచీ ఇప్పుడు బీరువా తలుపుకు వేలాడుతుంది. తీసి లోపల పెట్టమంటది నా పెండ్లాం కాంతవ్వ. నా చెయ్యి రాదు.

సరే. ఇయ్యాల ఎందుకొచ్చిన్నో చెప్త, విను. నువ్వు చూసే చూపు చూస్తె నీకు తెలిసినట్టే ఉన్నది. అయినా విను.

పొద్దున మా కాంతవ్వ కుట్టు మిషన్ ముందట కూసున్నది. డెబ్బై ఏండ్లొచ్చినా చీరెలకు ఫాల్ కుట్టుడు మానదు. మిషన్‌కు నూనె చుక్క వేద్దామని సీస తీసింది. తీసి వెలుతురుకు పట్టుకున్నది. దసరా నాడు నిండు సీస తెప్పిచ్చిన, సగానికి దిగింది, నువ్వు తాగినవా ఏంది అన్నది నన్ను.

వెన్నెల పక్కనే మంచం మీద ఉన్నది, కాలు దిండు మీద పెట్టుకొని. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గట్టిగనే అన్నది.

'అవ్వా, నువ్వు ఊకో. దుకాణం పోతున్నా జోగారావన్న ఊకున్నడు. నువ్వెందుకు ఊకోవు?'

కాంతవ్వ నా దిక్కు చూడకుండ సూదిల దారం ఎక్కించుకుంట కూసున్నది. ఒక్కసారికే దారం ఎక్కింది. కండ్లు మసకలు మసకలు అంటది కద ఎప్పుడు.

నాకు అప్పుడు సమజైంది. అందరికీ తెలుసు. నా పెండ్లానికి తెలుసు, నా మనుమరాలికి తెలుసు. నీకు అందరికంటె ముందు తెలుసు. గుచ్చి అడిగితె వెన్నెల అంతా చెప్పింది. బ్రేకు విప్పంగనే లోపలి రబ్బర్లు ఉబ్బి ఉన్నయట. వాసన చూసి దానికి ఫోన్ చేసినవట, ఇందులో మిషన్ ఆయిల్ ఎవరు పోశారమ్మా అని. అది చెప్పింది. చెప్పి నీతోని ఒట్టు వేయించుకున్నది. అన్నా, మా తాతకు తెలిస్తె తినుడు మానేస్తడు, నువ్వు ఎవ్వరికీ చెప్పకు అని. నువ్వేమో సరేనమ్మా అన్నవ్.

ఎవరు నువ్వు? నా మీద జాలి చూపెట్టెటోనివి నువ్వెవరు?

నిన్ను అడిగిన్నా నేను? నీ షట్టర్ పోగొట్టుకొని నన్ను కాపాడుమని నేను నీకు అర్జీ పెట్టుకున్ననా? మీరంతా కలిసి నన్ను తొట్టెల పండుకోబెట్టి ఊపుతున్నరు. తాతకు చెప్పకండి, తాత తట్టుకోడు. పోలియో చుక్కలు ఒక్కటే తక్కువ.

నవ్వకు. నవ్వెటానికి నేనేం చెప్పలే.

పోసింది నేనే. దసరా నాడు.

మా తాతలది సిరిసిల్ల మగ్గం. మగ్గం పోయింది, పట్నం వచ్చి కుట్టు మిషన్ అయింది. కని ఒక పద్ధతి మాత్రం పోలే. దసరా పొద్దు ఇంట్ల ఏ పనిముట్టు పొడిగ ఉండొద్దు. అన్నిటిని కడగాలె, తుడవాలె, నూనె చుక్క తాకియ్యాలె, బొట్టు పెట్టాలె. నాకు అన్నం పెట్టినదానికి నేను నూనె పెట్టిన అని మా నాయన అనేటోడు. కాంతవ్వ మిషన్‌కు పెట్టిన. కత్తెరలకు పెట్టిన. ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న నా కొలత పనిముట్లకు పెట్టిన. చివరికి వెన్నెల బండి. పిల్లను గ్రౌండుకు తీసుకపోయేది అదే కద. స్టాండుకు, చైనుకు పెట్టిన. హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ చిన్న డబ్బాకు అద్దం ఉన్నది చూడు, అందుల నూనె గీత కిందికి దిగి కనపడ్డది.

పండుగ పూట అది పొడిగ కనపడ్డది నా కంటికి.

బ్రేకు బిళ్లలు అరిగిన కొద్దీ ఆ మట్టం దిగుతదని, దిగితె నీ తానికి తేవాలె తప్ప ఏం పొయ్యొద్దని నువ్వు వెన్నెలకు చెప్పినవట. అది నాకు సుత చెప్పింది. నేను విననే లేదు. రెండు స్క్రూలు విప్పిన. సీస వంచిన. మూత మీద ఏం పొయ్యాల్నో రాసే ఉన్నది జోగారావు, ఇనుప మూత మీద అచ్చు గుద్ది ఉన్నది. కండ్లద్దాలు నెత్తి మీద ఉన్నయి. ముప్పై ఒక్క ఏండ్లు వేరేటోళ్ల పనిల తప్పులు పట్టి జీతం తీసుకున్న మనిషిని, కండ్లద్దాలు కిందికి గుంజుకోలే.

వారం దినాలకు అది అడిగింది. తాతా, ఏబీఎస్ లైటు బండి కదిలినా ఆరుతలేదు, జోగారావన్నకు చూపెట్టొస్త అని. ఎందుకు, నేను చూస్త అన్న. పొడి బట్టతోని సెన్సార్ తుడిచిన. దుమ్ము పట్టింది, ఇంక పో అన్న. రెండు రోజులైనంక బ్రేకు వదిలినా బండి గుంజుతుంది తాతా అన్నది. కొత్త నూనె పడ్డది కద, సర్దుకుంటది అన్న. ఆ మాట నా నోటితోనే అన్న. నువ్వు ఫోన్ల మిషన్ ఆయిల్ అనంగనె ఆ మాట యాదికొచ్చి దానికి అర్థమైపోయిందట.

ఇగో, మళ్ల అదే మొఖం పెడుతున్నవ్.

పొద్దుననే బుచ్చయ్య దగ్గరికి పోయిన. మైత్రీవనం ఎదురుంగ స్టేషనరీ దుకాణంల కూసున్నడు. నిలబడే చెప్పిన. నూనె నేను పోసిన, జోగారావు తప్పు లేదు, షట్టర్ ఖాళీ చేయించకు అని. ఏం చేసిండు తెలుసా? కుర్చీ వేసిండు. కూసో సార్ అన్నడు. నీలెక్కనే. మనుమరాలు పడ్డ సంది మనసు బాగ లేదు, మీ అబ్బాయి నంబరు ఇయ్యుండ్రి, వచ్చి తీసుకపోతడు అన్నడు. నా లెటరే సొరుగుల నుంచి తీసి నాకు చూపెట్టిండు. సార్, ఇంత చక్కగ రాసినరు, ఇది మంచిగున్నప్పుడు రాసింది, గిప్పుడు మీరు చెప్పేది మంచిగున్నప్పుడు చెప్పేది కాదు అన్నడు.

చూసినవా? అబద్ధం మూడు పేజీలు రాస్తె నమ్మిండు. నిజం ఒక్క ముక్క చెప్తె పిచ్చోణ్ణి చేసిండు.

అందుకే వచ్చిన. ఆ ఉబ్బిన రబ్బర్లు నీ తాన డబ్బాల ఉన్నయని వెన్నెల చెప్పింది. తీసుకొని నాతోని రా. ఆయన ముందట పెట్టు, వాసన చూపెట్టు. నీ నోటితో చెప్పు, ఈ ముసలోడు పోసిండు అని.

ఏంది? రావా?

సనత్‌నగర్‌ల ఎవరిదో షెడ్డు మాట్లాడుకున్నవా. మంచిది. అక్కడ లారీలు వస్తయి, నీ ఏబీఎస్ చూపెట్టుకునే పిల్లలు రారు. నీకు తెలుసు ఆ సంగతి, నాకు తెలుసు. మరి ఎందుకు?

మళ్ల చెప్పు. గట్టిగ చెప్పు.

'పెద్దవారు, తెలియక చేశారు, వదిలేయండి.'

ఆ. ఈ మాట కోసమే చూస్తున్న. ఈ మాట పట్టుకొని మీరంతా పన్నెండు రోజుల సంది నా చుట్టు కూసున్నరు. నన్ను ఇంత మంచోణ్ణి చేసి పెట్టిండ్రు.

వినవయ్యా. మీ ఎవ్వరికీ తెల్వనిది ఒక్కటున్నది.

ఆ రోజు ట్రాలీ ఆటోల వేసుకొని బండి ఇంటికి తెచ్చిండ్రు. అందరు దవాఖాన్ల ఉన్నరు. ఇంట్ల నేనొక్కణ్ణే. నీ తానికి పంపే ముందు, నేను బండి కాడ కూసున్న. బ్రేకు లీవరు పక్కన నూనె చెమ్మ. వేలు పెట్టి ముక్కు కాడ పెట్టుకున్న. నలభై ఎనిమిదేండ్ల కాపురం చేసిన, ఆ నూనె వాసన పక్కనే పండుకున్న. కాంతవ్వ చేతుల వాసన అది. నాకు తెల్వదా?

నీ కంటె ముందు నాకే తెలుసు, జోగారావు. అందరి కంటె ముందు.

కొంచెం సేపు కూసున్న. లేచి సీటు ఎత్తిన. నీ పసుపు చీటీ ఉన్నది, చక్కగ అంటిచ్చి. తారీకు, ఆయిల్ రకం, అడుగున 'మట్టం తగ్గితే ఏమీ పోయవద్దు, తీసుకు రాగలరు' అని. ఆ చీటీ ఉంటె నీ తప్పు అని రాయలేను కద. గోరుతోని అంచు లేపిన. చినుగకుండ వచ్చింది, తనిఖీ చేసే చెయ్యి కద. అప్పుడు లోపలికి పోయి, కండ్లద్దాలు కిందికి గుంజుకొని, లెటర్ రాయ మొదలుపెట్టిన.

నూనె తెల్వక పోసిన. లెటర్ తెలిసే రాసిన.

ఇగో నీ చీటీ. అంగీ మారినప్పుడల్లా జేబు మారుస్తున్న. పొద్దున బుచ్చయ్య ముందట సుత జేబుల చెయ్యి పెట్టిన. వేళ్లకు తగిలింది. తియ్యలే. నూనె పోసిన అని చెప్పుకున్న, ఇది తియ్యలే. తీస్తె కుర్చీ వేస్తుండెనా ఆయన?

పట్టుకో. ఇది చూపెడితె ఎవడైనా నమ్ముతడు. నా గోరు గాటు సుత ఉన్నది అంచు మీద.

ఏం, చీటీ గుంజుకొని లేచి నిలబడ్డవేంది?

ఆ... గిట్ల చూడు. ఇట్లనే చూడు నన్ను. పన్నెండు రోజుల సంది ఒక్కరు చూడలే ఇట్ల, ఇంట్ల గాని బయట గాని.

ఆ స్టూలు సుత డబ్బాల వేసుకో, నాకెట్లా పనికి రాదు. లేకపోతె అన్నీ మళ్ల బయటికి తియ్యి, బుచ్చయ్య దగ్గరికి నడువు. నీ ఇష్టం. నేను గల్లీ మొగదల నిలబడ్త. వస్తె రా, రాకపోతె మా శ్యాంసుందర్‌కు ఫోన్ కొట్టు, మీ నాయన ఇక్కడున్నడు, వచ్చి తీసుకపో అని. వాడికి ఇంకా ఏం తెల్వదు.